సగం మందు తూటాలు

1956 అక్టోబరు 9

పొద్దుటి బస్సుకి నా తోడబుట్టిన అప్ప దిగింది. దేవరాపల్లి నుంచి నిలబడే వచ్చిందట. కుడి చెయ్యి పైకి లేవడం లేదు. సుభద్ర లోపలికి తీసుకెళ్ళి భుజం చూసి వచ్చి నాతో అంది— "వంకాయ రంగుకి తిరిగిపోయిందండి. పందుల మీద కాల్చేరట. అన్నయ్యగారి తుపాకి."

బావ పోయాక ఆ తుపాకిని అప్ప ముట్టుకోవడం ఇదే మొదలు.

"తుపాకి ఒకేపు, నానొకేపు పడ్డామురా. పందులు మాత్రం కదల్లేదు. నిలబడి సూసేయి." అప్ప నవ్వుతూనే చెప్పింది. ఆమె మరిది ఎర్నాయుడు కూడా గట్టు మీద నిలబడి చూశాడట. వాడూ నవ్వాడట.

అక్టోబరు 10

అసలు సంగతి ఇవాళ చెప్పింది. ఎర్నాయుడు తాసీల్దారుకి అర్జీ పెట్టాడు— ఆడది తుపాకి పట్టలేదు గనక లైసెన్సు తన పేరుకి మార్చమని.

మారిస్తే? కొండవార చెరుక్కి కాపలా వాడిదవుతుంది. కాపలా వాడిదైతే పంట వాడిది. పంట వాడిదైతే భూమి ఎన్నాళ్ళు అప్పదిగా ఉంటుంది? ఆడదానికి ఆస్తి హక్కు చట్టం ఈ ఏడే ఇచ్చింది. ఆ హక్కుని అడవి పందుల సాయంతో వెనక్కి లాక్కోవచ్చని చట్టం చదవకుండానే ఎర్నాయుడికి తెలిసిపోయింది.

తాలూకా కచేరీకి వెళ్ళాను. తాసీల్దారు మంచివాడంటారు. మంచివాళ్ళ తీర్పులే నాకు ఎక్కువ ఒళ్ళు మండిస్తాయి. "నా ఎదుట కాల్చి చూపించమనండి. రెండు గొట్టాలూ. రెండు కుండలు పగిలితే లైసెన్సు ఆవిడకే."

ఎర్నాయుణ్ణి కాల్చి చూపించమన్నారా? బావని ఎప్పుడైనా అడిగారా? మగవాడి భుజాన్ని ఏ కచేరీలో పరీక్ష చేశారు?

ఆయన నవ్వి టీ ఇప్పించాడు. టీ తాగకుండా వచ్చేశాను.

అక్టోబరు 11

వ్యాసం మొదలుపెట్టాను— 'భుజబలమూ పౌరహక్కూ'. ఓటు వేయించేటప్పుడు ఎవరి భుజమైనా కొలిచారా అన్న ప్రశ్నతో ఎత్తుకున్నాను. విశాఖపట్నంలో ఎడిటరు ఈసారి మెత్తబరచమన్నాడంటే ఊరుకోను.

సుభద్ర విని అంది— "వ్యాసం తగిలితే పంది పడతాదేటండీ?"

జవాబుంది. అన్నం వడ్డిస్తోందని ఊరుకున్నాను.

అక్టోబరు 14

వ్యాసం ఒక్కటే చాలదు, నిజమే. భుజానికి తగ్గ తూటా కావాలి.

ఈ పని నాకు బావే నేర్పాడు. చెరుకు తీపెక్కే రోజుల్లో వీధి అరుగు మీద ఇద్దరం కూర్చునేవాళ్ళం. కాల్చేసిన ఇత్తడి తూటాలు కడిగి ఎండబెట్టి, అడుగున నిప్పు రాజేసే కొత్త టోపీ, లోపల నల్లమందు, అట్ట బిళ్ళ, రవ్వలు, మళ్ళీ అట్ట బిళ్ళ. బావ మందు పోస్తూ మాట్లాడేవాడు కాదు. నేను మాట్లాడకుండా ఉండగలిగిన చోటు లోకంలో అదొక్కటే.

మందు తగ్గితే తన్ను తగ్గుతుంది. ఇందులో మాయ లేదు, దాక్షిణ్యం లేదు, భౌతికశాస్త్రం. చిక్కల్లా ఒకటే— తగ్గించిన మేర తూటాలో ఖాళీ మిగులుతుంది. లోపల సరుకు వదులైతే సరిగా పేలదు. దూది కూరాను. కుదరలేదు. కాగితం… అదీ కుదరలేదు.

వసారాలో సుభద్ర అంబలికి చోళ్ళు చెరుగుతోంది. చాట ముందు పడ్డ ఊక గుప్పెడు తీసుకున్నాను. కుదిరింది. మందు సగం, పైన చోడి ఊక, బిళ్ళ. అమిరినట్టు కూర్చుంది.

"తుపాకీకి అంబలి కాస్తన్నారా?" అంది సుభద్ర.

అక్టోబరు 20

అప్ప ఊరెళ్ళి తుపాకి తెచ్చుకుంది. కోసేసిన తోటలో, ఊరికి దూరంగా. గట్టు మీద పాత కుండ.

అప్ప కాల్చింది. కదల్లేదు. కుండ పగిలింది. తుపాకి దించి దానికేసి చూసింది, పరాయి వస్తువును చూసినట్టు.

"ఇదేటిరా, ఇంత మెత్తగున్నాదేటి? ఆ దినం నన్నెత్తి పారేసిందే."

"నిలబడే తీరు మారింది గదా అప్పా. ఎడమకాలు ముందుకేశావు."

ఎడమకాలు ముందుకేసిన మాట నిజమే.

అక్టోబరు 21

సుభద్ర— "మందు తగ్గించిన మాట వదినగారికి సెప్పేరా?"

పరీక్ష అయ్యాక చెబుతాను. ఇప్పుడు చెబితే ధైర్యం చెడుతుంది.

"ఓహో."

ఈ 'ఓహో'కి నా దగ్గర జవాబు లేదనుకుంటోంది. ఉంది. తరతరాలుగా మేడ మీద కూర్చున్నవాళ్ళు, కిందున్నవాళ్ళని ఒక్క గెంతులో రమ్మంటున్నారు. మధ్యలో మెట్టు కడితే మోసమట. మెట్టు లేకుండా మేడ కట్టినవాడిది మోసం కాదట. రాసి ఉంచుకోవాలి. వ్యాసంలో పనికొస్తుంది.

నవంబరు 12

గెలిచాం.

కచేరీ వెనక మైదానం. గుమాస్తాలు, బంట్రోతులు, అర్జీలు తెచ్చినవాళ్ళు, ఊరికే నిలబడ్డవాళ్ళు. ఎర్నాయుడు ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. వాడి దృష్టిలో ఇవాళ పెళ్ళిరోజు.

అప్ప చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపింది. ఎడమకాలు ముందుకు. ఒకటి. రెండు. రెండు కుండలూ నేల మీద పెంకులు. ఒక బంట్రోతు "ఓలమ్మ" అన్నాడు.

తాసీల్దారు అర్జీ మీద రాశాడు. లైసెన్సు అప్ప పేరునే. ఎర్నాయుడు కుండల దగ్గరికి నడిచి, వంగి నేల మీద ఏదో చూస్తూ నిలబడ్డాడు. ఓడినవాడు నేల చూస్తాడు. చూడనీ.

బస్సు ఎక్కేముందు అప్ప చెయ్యి వాసన చూసుకుంది. మిగిలిన తూటాలు సంచిలో వేసుకుని ఎక్కింది.

నవంబరు 13

వ్యాసం పూర్తి. చివరి పేరా ఒక్క ఊపులో వచ్చింది. "ఆమె ఏ రాయితీ కోరలేదు. ఏ రాయితీ పొందలేదు. పురుషుడు పట్టిన తుపాకినే పట్టింది, పురుషుడు కొట్టిన గురినే కొట్టింది."

సుభద్రకి చదివి వినిపించాను. విని, దీపం చిమ్నీ తుడుచుకుంటూ కూర్చుంది.

రేపు ఉదయం పోస్టులో వేస్తాను.

నవంబరు 22

అప్ప వచ్చింది. ఈసారి తుపాకి గోనెలో చుట్టి తెచ్చుకుంది. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, అప్పుడు చెప్పింది.

మొన్న సాయంత్రం పందులు దిగాయి. పెద్ద మగపంది ముందు. దగ్గర్నుంచే కాల్చింది. తగిలింది. పంది ఒళ్ళు దులుపుకుంది. దులుపుకుని అప్ప మీదికే వచ్చింది. కర్రిగాడు— బావ పెంచిన కుక్క— అడ్డం వెళ్ళాడు. కడుపు చీలిపోయింది.

"రెండో తూటా కూడా కాల్చేను. దాన్కి సీమ కుట్టినట్టైనా లేదు. ఎల్లిపోయింది."

నేను అన్నాను— రవ్వలు చిన్నవేమో, గురి పక్కకి పోయిందేమో, మగపంది చర్మం…

"ఒరే తమ్ముడా. నాను పుట్టిన్నాటినించీ చోళ్ళు సెరుగుతన్నాను. మాడిన చోడి ఊక వాసన నాకు తెలీదేటిరా?"

మొదటిరోజే అనుమానం వచ్చిందట. కచేరీ దగ్గర చెయ్యి వాసన చూసుకుంటే గట్టిపడిందట. పంది వెళ్ళిపోయాక ఇంటికెళ్ళి, మిగిలిన తూటా ఒకటి విప్పి చాటలో పోసి చూసిందట.

"మరెందుకడగలేదు అప్పా?"

"నువ్వే సెప్తావని."

గుమ్మంలో సుభద్ర. లోపలికి వెళ్ళిపోయింది.

నవంబరు 23

నిన్న వాదించాను. చాలాసేపు. క్రమక్రమంగా అలవాటు చేయడం శాస్త్రీయ పద్ధతి అన్నాను. మొదట సగం, తర్వాత ముప్పాతిక, తర్వాత నిండు. మెట్ల సంగతి కూడా చెప్పాను.

అప్ప అంతా విన్నది. నేను మాట్లాడేటప్పుడు చివరిదాకా వినేది ఆమె ఒక్కతే.

"మెట్టు కట్టేవు, మంచిదే. మెట్టని సెప్పేవా? మేడెక్కేసేవు అప్పా అన్నావు. నాను మేడనుకొని పంది ముందు నిలబడ్డాను."

మళ్ళీ తనే—

"మీ బావకి ఎప్పుడేనా ఊక పోసేవేటిరా?"

ఇక్కడ రాయవలసిన జవాబు ఇంకా ఆలోచిస్తున్నాను.

నవంబరు 26

ఎర్నాయుడు మైదానంలో చూసింది నేల కాదు. ఊక.

కొత్త అర్జీ. కచేరీకి పిలిచారు. వాడు చెంగు మూట విప్పి, మాడిన ఊక తాసీల్దారు బల్ల మీద పోశాడు.

"బాబూ, తవరే సూడండి. ఇది తుపాకీయా, తిరగలా? మా వదిన కుండలే కొడతాది బాబూ. పందులు కుండలు కావు గదా."

గుమాస్తాలు నవ్వారు. నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ కోపం ఎటువైపు తిప్పాలో ఒక క్షణం పాలుపోలేదు. నా జీవితంలో ఇలా జరగడం…

మళ్ళీ పరీక్ష. ఎర్నాయుడు తెచ్చిన తూటాలతో. రెండూ పగిలితే సరే, లేకపోతే తుపాకి వాడికే.

అన్యాయమని లేచాను. తాసీల్దారు నా వంక చూడలేదు. అప్ప వంక చూశాడు.

"కాలుస్తాను బాబూ," అంది అప్ప.

నవంబరు 27

ఇవాళ అప్ప నా ఎదుట కూర్చుంది. "మందు పొయ్యి."

పోశాను. నిండుగా. బావకి పోసినట్టే. ఊక లేదు. గింజ కూడా తగ్గలేదు— వేలు పెట్టి చూసుకుంది. మందు పోస్తున్నంతసేపూ ఇద్దరం మాట్లాడలేదు.

నవంబరు 28

కోసేసిన తోట. మొదటి తూటాకి రెండడుగులు వెనక్కి. పడలేదు. కుండకి తగల్లేదు.

తుండు మడిచి భుజం మీద పెట్టుకోమన్నాను.

"ఎర్నాయుడు పెట్టుకుంటాడా?"

ఇది నా ప్రశ్న. తాసీల్దారుని నేనడిగిన ప్రశ్న. నాకే అందించింది.

మళ్ళీ కాల్చింది. ఒకడుగు వెనక్కి. కుండ అంచు లేచిపోయింది. తుపాకి తన్నే వేళకి కళ్ళు మూసుకుంటోంది. ఆ తప్పు నేను చెప్పలేదు. తనే కనిపెట్టింది.

డిసెంబరు 1

భుజం మళ్ళీ వంకాయ రంగు. సుభద్ర పసుపూ నూనె రాస్తోంది. లోపల్నుంచి ఇద్దరి నవ్వు. దేనికో తెలియదు. నా గురించే కావచ్చు. నవ్వనీ.

డిసెంబరు 3

వ్యాసం ప్రూఫు వచ్చింది. ఎడిటరు ఒక్క మాట మార్చలేదు— మొదటిసారి. "చివరి పేరా అద్భుతం" అని అంచున రాశాడు.

'ఏ రాయితీ పొందలేదు' అన్న వాక్యం దగ్గర కలం ఆగింది. కొట్టెయ్యలేదు. ఉంచనూ లేదు. పక్కన ప్రశ్నార్థకం పెట్టి సొరుగులో పడేశాను.

మిగతా వ్యాసంలో ఒక్క అక్షరం తప్పు లేదు. ఎవరితోనైనా వాదిస్తాను.

డిసెంబరు 5

రేపు.

ఇవాళ ఆఖరి రెండు తూటాలు కాల్చింది. ఒకటి తగిలింది. ఒకటి పోయింది.

"నువ్వు రావద్దురా రేపు."

ఎందుకని అడిగాను.

"నువ్వుంటే నీ మొహం సూస్తాను. కుండ సూడాలి."

డిసెంబరు 6

అప్ప వెళ్ళింది. తుపాకి భుజాన వేసుకుని, బజారు మధ్యనుంచి. కుడి భుజానే వేసుకుంది. చల్దన్నం కూడా తినలేదు. తిరిగొచ్చాక తింటానంది.

నేను అరుగు మీద. మైదానం ఇక్కడికి వినబడుతుంది. మొన్న కచేరీ గంట కూడా విన్నాను.

సొరుగులోంచి ప్రూఫు తీశాను. ఈ మధ్యాహ్నం బస్సుకి పంపాలి. ప్రశ్నార్థకం ఉంది. అలాగే ఉంది.

సుభద్ర వసారాలో చాట పట్టుకుని కూర్చుంది. చెరగడం లేదు.

బండి ఒకటి వెళ్ళింది. బెల్లం దిమ్మలు, అనకాపల్లికి. ఇరుసు చప్పుడు. త్వరగా పోతే బాగుండును…

పోయింది.

ఇంకా మొదలు కాలేదు. తాసీల్దారు ఆలస్యంగా వచ్చాడేమో. ఎర్నాయుడి తూటాల్లో మందు మామూలుకన్నా ఎక్కువ దట్టించి ఉంటే? ఇది ముందే ఎందుకు తట్టలేదు? తట్టి ఉంటే అప్పకి చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణి. ఈసారి చెప్పేవాణ్ణి.

పేలింది.

నిండు మందు. సగం మందుకి ఆ చప్పుడుండదు, ఛాతీలో తగిలింది. కాకులు లేచాయి. మైదానం నుంచి కేకలు— ఒకరివా, అందరివా, తెలియడం లేదు. కుండ చప్పుడు ఇంత దూరం వినబడదు.

సుభద్ర చాట కింద పెట్టి గుమ్మంలోకి వచ్చింది. "ఒకటి," అంది.

కేకలు ఆగాయి.

కలం చేతిలోనే ఉంది. రెండోదాని కోసం—