పదహారక్షరాల గుడిసె

ఆల్డర్ లేక్, మిన్నెసోటా
అక్టోబర్ 8

లైల్‌కు,

పొద్దున గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుంది. పడవను ఒడ్డుకు లాగి బోర్లించాను.

మీ నాన్న పోయాక ఆయన చేపల గుడిసె నీదా నాదా అన్నది తేలలేదు. సరస్సు గడ్డకట్టాక దాన్ని మంచు మీదికి లాక్కెళ్లి, లోపల పొయ్యి వెలిగించుకుని, నేలలో కన్నంలోంచి గాలం వేసుకుని కూర్చునే సుఖం ఒక్కరికే దక్కుతుంది. ఇద్దరు పట్టరు. ఆయన భోజనాల దగ్గర మన చేత ఆడించిన ఆటతోనే తేల్చుకుందామని నువ్వన్నావు, నేను సరేనన్నాను. షరతులు ఆయనవే. ఇంటి ముందుకు వచ్చిన బండి నంబరు ప్లేటు మీది మూడక్షరాలు తీసుకోవాలి. అవి అదే వరసలో ఉన్న ఇంగ్లీషు మాట చెప్పాలి, మధ్యలో వేరే అక్షరాలున్నా సరే. ఆ మాటకు తగ్గ పని ఆ వారం ఇంట్లో నిజంగా జరిగి ఉండాలి. సరస్సు గడ్డకట్టేలోగా ఎవరి మాట పొడుగైతే గుడిసె వాళ్లది.

గ్యాసు బండి వచ్చింది. ఆర్, ఎఫ్, జి. రిఫ్రిజిరేటర్. పన్నెండక్షరాలు. దాన్ని వంటింట్లోంచి వరండాలోకి మార్చాను.

ఇట్లు,
హాల్వర్

తా.క. మీ అక్క కులాసా. నాతో మాట్లాడడం లేదు.


మినియాపొలిస్
అక్టోబర్ 14

బావకు,

నువ్వు రాసింది ఉత్తరమా, టెలిగ్రామా? ఫ్రిజ్ వరండాలోకి ఎందుకెళ్లింది? అక్క మాట్లాడకపోవడమేమిటి? పెళ్లిలో పాస్టర్ అడిగినదానికి "ఊఁ" అనడానికి నువ్వెంతసేపు తీసుకున్నావో నాకింకా గుర్తుంది. ముందు వెనక వాళ్లు గడియారాలు చూసుకున్నారు. ఈసారి అంతసేపు పట్టించకుండా సంగతేమిటో రాయి.

ఇక నా వంతు. ఎదురింటావిడ కారు మా గుమ్మంలో పెట్టింది. హెచ్, పి, ఎమ్. హిప్పోపొటమస్. నావీ పన్నెండే. మంగళవారం నా కలలోకి వచ్చింది. కల నేను మా ఇంట్లోనే కన్నాను, కనుక ఇంట్లో జరిగినట్టే లెక్క.

ఉంటాను,
లైల్

తా.క. అక్కకు ఫోన్ చేశాను. "మీ బావనే అడుగు" అని పెట్టేసింది. ఆ పెట్టడం బాగాలేదు.


ఆల్డర్ లేక్
అక్టోబర్ 22

లైల్‌కు,

రెండు రోజులుగా వాన. పొయ్యి గొట్టంలో మసి దులిపాను.

కల చెల్లదు. జంతువు మీ ఇంటికి రాలేదు. నీ మాట కొట్టేశాను.

ఫ్రిజ్ సంగతి అడిగావు. బాగానే పనిచేస్తోంది.

పోస్టతని కారు వచ్చింది. డి, వి, ఎమ్. అడ్వర్టైజ్‌మెంట్. పదమూడు. ఊరి పేపర్లో వేయించాను. "డబుల్ మంచం అమ్మబడును" అని. ఒకతను వచ్చి తీసుకుపోయాడు.

ఇట్లు,
హాల్వర్

తా.క. మీ అక్క సిగ్నె సోఫాలో పడుకుంటోంది. నేను నేల మీద. నడుముకు మంచిదే.


మినియాపొలిస్
నవంబర్ 1

హాల్వర్ గారికి,

బావా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఫ్రిజ్ బయటికి పోయింది. మంచం పరాయివాడి పాలైంది. ఇక ఇంట్లోంచి పంపించడానికి మా అక్క ఒక్కతే మిగిలింది. ఎన్నాళ్ల కాపురం ఇది? మాట్లాడని మనిషి లోపల ఏం వండుతున్నాడో తెలియదని అమ్మ అప్పుడే అంది. నేనే నిన్ను వెనకేసుకొచ్చాను.

మా ఆవిడ కరోల్ ఏడ్చింది. ఏడుస్తూనే మా ఖాళీ గదికి కర్టెన్లు కుట్టేసింది. నేను మా పాస్టర్‌తో చెప్పుకున్నాను. ఆయన మీ ఊరి పాస్టర్‌కు చెవిన వేస్తానన్నాడు. శనివారం ట్రక్కు వేసుకొచ్చి అక్కను తీసుకెళతాను. నువ్వు ఇంట్లో ఉండకు. నీ మొహం చూస్తే ఏమంటానో నాకే తెలియదు.

లైల్

తా.క. కరోల్ మాంసం, బంగాళాదుంపలు వేసి ఓవెన్లో హాట్‌డిష్ చేసి పంపుతోంది. అది అక్కకు. నువ్వు ముట్టుకోవద్దు.

ఇంకో తా.క. ఆట ఆటే. పదమూడు దాటిస్తాను.


మినియాపొలిస్
నవంబర్ 9

హాల్వర్ గారికి,

నువ్వు నేను చెప్పినట్టే ఇంట్లో లేకుండా పోయావు. ఆ ఒక్క మంచితనం నీలో మిగిలింది.

అక్క నాతో రానంది. "నన్నెక్కడికీ తీసుకెళ్లొద్దురా. నాన్న గుడిసె ఉంది, నాకది చాలు. ఒడ్డు దాకా లాగిపెట్టి పో" అంది. ఇంతింటి ఇల్లాలు చేపల గుడిసెలో తలదాచుకుంటానంటే ఏ తమ్ముడు తట్టుకుంటాడు? షెడ్డులోంచి గుడిసెను నా ట్రక్కుకే కట్టి లాగాను. పొయ్యి గొట్టం బిగించాను. తలుపు బందులకు నూనె వేశాను. తాళంచెవి నా చేతులతో అక్క చేతిలో పెట్టాను. ఇక అది నాకొద్దు. నీకు అసలే రాదు.

లైల్

తా.క. నేను బయల్దేరుతుంటే అక్క ట్రక్కు వెనకే నిలబడి చాలాసేపు చూసింది. పెదవులు ఏదో గొణుక్కుంటున్నాయి. ప్రార్థన కాబోలు. తోబుట్టువు అలాంటిది. నీకు అర్థం కాదు.


ఆల్డర్ లేక్
డిసెంబర్ 6

లైల్‌కు,

చలి బాగా ఉంది, గాలి లేదు. సరస్సు గడ్డకట్టింది, మనిషి బరువు ఆగుతోంది. కరోల్ హాట్‌డిష్ పాత్ర కడిగాను. నేనూ కొంచెం తిన్నాను.

నీ ఉత్తరం సిగ్నెకు చదివి వినిపించాను. ప్రార్థన దగ్గర ఆమెకు కాఫీ పొలమారింది.

ఆమె చూసింది నిన్ను కాదు. నీ నంబరు ప్లేటును. ఎమ్, ఎస్, టి. గొణుక్కున్నది అక్షరాలు. మిసండర్‌స్టాండింగ్. పదహారు.

ఆ వారం ఇంట్లో అలాంటిది జరగాలి కదా అన్నాను.

"జరక్కపోతే మా తమ్ముడు ట్రక్కేసుకుని ఎందుకొచ్చాడు? పాస్టరు గారు మన మొహాలు చూసి ఎందుకు నిట్టూర్చారు?" అంది.

నువ్వు ఆటలో లేవుగా అని ఆమెతో అన్నాను.

"నాన్న ఈ ఆట నేర్పినప్పుడు లైల్‌గాడికి ఏబీసీడీలు రావు. ఆయన ఎదురుగా కూర్చుని ఆడింది నేను. గుడిసె నీదా నాదా అని మీరిద్దరే కొట్టుకున్నారు. నీకు కావాలా అని ఒక్కరు నన్నడిగారా?"

అడగలేదు. ఆ మాటే చెప్పాను. ఆమె తాళంచెవి ఏప్రన్ జేబులో వేసుకుంది.

నీకు చెప్పవలసింది ఉంది. ఫ్రిజ్ ఆట కోసమే మార్చాను. మంచం కూడా ఆట కోసమే అమ్మాను. ఆమె మాట్లాడనిది అందుకు. ముందే రాస్తే ఉత్తరం పొడుగవుతుందని రాయలేదు. కరోల్ కర్టెన్లకు విచారిస్తున్నాను.

గుడిసెలోకి మనల్ని రానిస్తానంది. నాకు శుక్రవారాలు, నీకు శనివారాలు. ఇద్దరం కలిసి రాకూడదు. నువ్వు నోరు మూయవు, నేను తెరవను, రెండింటికీ చేపలు బెదురుతాయంది. కొత్త మంచం కొన్నాక ఈ ఏర్పాటు అమల్లోకి వస్తుంది.

నిన్న ఆమె పెద్ద వాలై చేప పట్టింది. నాకు చూపించి లోపలికి తీసుకెళ్లిపోయింది.

ఇవాళ శుక్రవారం కాదు. మంచం కూడా ఇంకా రాలేదు. అయినా మంచు మీద గుడిసె తలుపు తెరుచుకుంది, కిటికీలోంచి కనబడుతోంది. సిగ్నె బయటికొచ్చి ఇటు చెయ్యి ఊపుతోంది. ఎవరికో అనుకుని వెనక్కి చూశాను. ఇక్కడ నేనే ఉన్నాను. ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, బూట్లు తొడుక్కుని వెళ్తున్నాను. సంతకం వచ్చాక పెడతాను.