నీలం చొక్కాకు మొదటి కుట్టు

సందు మొదట్లో మెట్ల కింద ఉన్న కుట్టుకొట్టుకు యజమానురాలిని, అందరి నోటా టైలరమ్మను అయిన నేను, నా బుద్ధి నా దగ్గరే ఉండగా, ఎవరి బలవంతమూ బతిమాలడమూ లేకుండా, నా ఇష్టప్రకారం రాయించిన వీలునామా ఇది. బుద్ధి స్థిరంగా ఉందనడానికి రుజువేమిటని మా మరిది అడిగాడు. వకీలు కదా, అడక్కపోతే అన్నం సయించదు. ఈ ఉదయమే గీతల బట్టలో రెండు గౌన్లు కత్తిరించాను, అతుకు దగ్గర ఒక్క గీత కూడా తప్పలేదు. ఆ మాటే రాసుకోమన్నాను.

ఈ కాగితం అవసరం ఎందుకొచ్చిందో కూడా రాయిస్తున్నాను. నా గుండెలో ఒక వాల్వు సరిగా మూసుకోవడం లేదు. ఆపరేషన్ చేసి దాన్ని మార్చాలని, మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటే ఇక ఆగకూడదని డాక్టరమ్మ చెప్పింది. సరేనన్నాను. బడి యూనిఫాంల హడావుడి తీరనివ్వమన్నాను. తీరింది. కొట్టుకు సున్నం వేయించాక చేరతానన్నాను. అదీ అయింది. ఆస్తి సంగతి తేల్చకుండా ఆపరేషన్ బల్ల ఎలా ఎక్కుతాను? అందుకని ముందు వీలునామా.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత మా మరిదికి అప్పగిస్తున్నాను. వదినా వదినా అంటూనే ప్రతి వాక్యానికీ అడ్డం పడ్డాడు. వీలునామాలో సొంత కబుర్లు ఉండకూడదట. నా వీలునామాలో నేను మాట్లాడక పక్కింటివాళ్ళు మాట్లాడతారా? అయినా మనిషి నమ్మకస్తుడు. నా పాత గొడుగు కూడా అతనికే. ఎలాగూ వానాకాలమంతా అతని చేతిలోనే ఉంటుంది.

2. కొట్టు మీద నాకున్న హక్కు, రెండు కుట్టుమిషన్లు, ఇస్త్రీ బల్ల, అరలు, అరల్లోని దారాలు సర్వహక్కులతో కాజాలక్కకు చెందాలి. నేను కుట్టినవాటికి కాజాలు తీసి బొత్తాలు వేస్తూ ఇన్నాళ్ళూ నా పక్కన కూర్చున్న మనిషి ఆమె. నా కోపాన్ని భరించింది. నేనూ ఆమె ముక్కుపొడుం తుమ్ములు భరించాను. చెల్లుకు చెల్లు.

ఒక్క షరతు. కొట్టు పద్ధతి మారకూడదు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మా కొట్లో బట్ట తీసుకున్నాక ఆ పూట దాటకుండా దాన్ని కత్తిరించి, ఒక్క కుట్టయినా వేశాకే అరలో పెట్టాలి. కుట్టు పడని బట్ట అరలో హాయిగా నిద్రపోతుంది, మనల్నీ నిద్రపోనిస్తుంది. ఒక్క కుట్టు పడిందా, ఇక ఊరుకోదు. కంటబడ్డప్పుడల్లా నస పెట్టి చేయించుకుంటుంది. రెండో సంగతి, మొదటి కుట్టు ఎవరు వేస్తే ఆ బట్ట చివరిదాకా వాళ్ళదే బాధ్యత. మధ్యలో ఇంకొకరి నెత్తిన రుద్దడం లేదు. జ్వరమొచ్చినా సరే, లేచొచ్చి పూర్తిచేసుకోవాలి. నేను అలాగే చేశాను.

3. మేముంటున్న ఇల్లు మా ఆయనకు చెందాలి, అయితే షరతు మీద. మా ఆయన పెయింటర్. ఈ చుట్టుపక్కల ఆయన రంగు వేయని వీధి లేదు. మా వంటింటి గోడ మాత్రం సగం పసుపు, సగం సిమెంటు. అమ్మాయి కాలేజీలో చేరిన ఏడు మొదలుపెట్టాడు. ఎప్పుడడిగినా చూద్దాంలే అంటాడు. ఆ మాటే ఆయనకు పేరైపోయింది, కూరగాయలమ్మి కూడా చూద్దాంలేగారు ఉన్నారా అని అడుగుతుంది. మొదటి కుట్టు మందు ఈయనకు పనిచేయదు. ఈయన చేసేవన్నీ మొదటి కుట్లే. కాలు బిగించని పీట, సగం విప్పిన కుళాయి, గొళ్ళెం ఒకవైపే ఉన్న కిటికీ. ఈయనకు కావలసింది చివరి ముడి. కనుక ఆ గోడ పూర్తిచేసిన రోజు నుంచే ఇంటి మీద ఆయనకు హక్కు. అంతవరకు ఇల్లు మా అమ్మాయి పేర ఉండాలి.

నా రేడియో మాత్రం ఆయనకు ఏ షరతూ లేకుండా ఇస్తున్నాను. పొద్దున అది మోగకపోతే ఆయన టీలో పంచదార వేయడం మరిచిపోతాడు.

4. మా అమ్మాయికి నా గాజులు రెండు జతలు, నా సుద్దముక్కల పెట్టె. గాజులు ఎటూ దానివే. పెట్టె సంగతి చెప్పాలి. అమ్మాయి పెద్ద చదువు చదువుకుంది, ఆరేళ్ళుగా థీసిస్ రాస్తోంది. రాస్తోంది అనడం నా మర్యాద. మొదటి పేజీ అద్భుతంగా రావాలని కూర్చుంది, అందుకే ఏ పేజీ రాలేదు. అమ్మాయీ, అందుకే బట్ట మీద పెన్నుతో గీయం, సుద్దతో గీస్తాం. వంకర పోతే దులిపేసి మళ్ళీ గీసుకుంటాం. ముందు సుద్దగీతలా రాసిపారెయ్. కత్తెర తరవాత పట్టుకోవచ్చు.

5. మా అన్నయ్యకు మా అమ్మ కత్తెర. అమ్మ పోయిన ఏడాది ఒక్కరోజు పని ఉందని పట్టుకెళ్ళాడు. వచ్చేసారి తెస్తానని ప్రతిసారీ చెప్పి, ఉత్త చేతులతో వచ్చి, భోంచేసి వెళ్తున్నాడు. కత్తెర ఎలాగూ అతని దగ్గరే ఉంది గనుక నేనిచ్చినట్టు పేరైనా దక్కుతుందని ఇస్తున్నాను. నేను బతికి బయటపడితే ఈ క్లాజు చెల్లదు. కత్తెర నాది.

ఇంతవరకు రాయించింది శనివారం. ఆదివారం పొద్దున మా మరిది అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాడు. ఆ తరవాత జరిగినదాన్ని బట్టి కింది క్లాజులు కలపవలసి వచ్చింది.

6. సుద్దపెట్టె సంగతి విని అమ్మాయి మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. సాయంత్రం ఫోన్ చేసి ఒక పేజీ చదివి వినిపించింది. నాకు సగం అర్థం కాలేదు. చాలా చెత్తగా ఉందమ్మా అని నవ్వింది. నవ్వుతూ చెప్పిందంటే రెండో పేజీ కూడా వస్తుంది. పెట్టె ఇప్పుడే ఇచ్చేశాను, నేను పోయేదాకా ఆగనక్కర్లేదు.

7. మా మరిది చదవడం ముగించగానే మా ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళి గోడకు ఆనించిన బీరువా జరిపాడు. గోకుడు వినిపించింది. టీ వేళకు మానేస్తాడనుకున్నాను. మానలేదు. గుంతలు పూడేలా లప్పం పెట్టాడు, అది ఆరేదాకా కాపలా కూర్చున్నాడు, సోమవారం ఒక కోటు, మంగళవారం ఇంకో కోటు. పసుపు రంగు గోడ చివరిదాకా వచ్చింది. పాత సగానికీ కొత్త సగానికీ తేడా తెలియకుండా కలిపాడు. పనివాడే, ఏమనుకున్నారు! తరవాత బ్రష్షు చేత్తో పట్టుకునే నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నా గోడ అయిపోయింది. మరి నీ గుండె సంగతేంటి?"

నాకు ఒళ్ళు మండింది. వీలునామా ఇంకా పూర్తికాలేదన్నాను. ఆయన గొంతు పెంచలేదు.

"ముందు యూనిఫాంలన్నావు. తర్వాత సున్నమన్నావు. ఇప్పుడు ఈ కాగితం. దీని తర్వాత ఇంకోటి కనిపెడతావు. నేను అన్నిటికీ చూద్దాంలే అంటాను గానీ, దీనికి అననే."

బ్రష్షు నుంచి రంగు చుక్కలు నేల మీద పడుతున్నా చూసుకోలేదు. ఇన్నేళ్ళూ నేను ఆయన్ని సాధించిన మాటలన్నీ ఆయన నోటి నుంచి వింటుంటే మొదట సిగ్గేసింది, తరవాత ఏడుపొచ్చింది. నాకు భయంగా ఉందని చెప్పాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నాక్కూడా అని ఆయన అన్నాడు. ఇద్దరం కొత్త గోడ ముందు నేల మీదే కూర్చున్నాం. వీలునామాలో ఇదెందుకని మా మరిది అంటున్నాడు. ఉండనీ.

8. ఆసుపత్రికి వెళ్ళాలనుకుంటే కాళ్ళు రాలేదు. అందుకని వెళ్ళాలనుకోవడం మానేసి మిషను ముందు కూర్చున్నాను. ఛాతీ మీద ఆపరేషన్ అయినవాళ్ళు తల మీంచి ఏదీ తొడుక్కోలేరని డాక్టరమ్మ చెప్పింది గుర్తొచ్చింది. మెత్తటి నూలుబట్ట తీసి, ముందువైపు విప్పుకునేలా ఒక గౌను కత్తిరించి, ఒక్క కుట్టు వేశాను. ఇంకేం చేయనక్కర్లేదు, ఇదొక్కటే అనుకున్నాను. దీపాలు పెట్టే వేళకు గౌను పూర్తయింది. గౌను ఉన్నాక సంచీ కావాలి కదా, సంచీ సర్దాను. సంచీ సర్దాక ఫోన్ చేయకుండా ఉండటం కుదరలేదు. గురువారం చేరమన్నారు. చేరాను.

9. మూడో క్లాజులోని షరతు ఇందుమూలంగా రద్దయింది. ఇల్లు మా ఆయనదే, సర్వహక్కులతో. కాగితం శుభ్రంగా మళ్ళీ టైపు చేయిస్తానని మా మరిది అన్నాడు, వద్దన్నాను. కొట్టివేసిన గీత కనబడాలి. ఆ గీత నాకు గాజులకన్నా ముద్దుగా ఉంది. కుళాయి, పీట, గొళ్ళెం గురించి మాత్రం తరవాత మాట్లాడుకుందాం.

10. చివరిది. మా ఆయనకు రంగు మరక లేని చొక్కా ఒక్కటీ లేదు. బుధవారం నీలం బట్ట కొని, నిద్రలో ఉన్న మనిషి భుజాలు కొలిచి, కత్తిరించి, కుడి భుజం దగ్గర ఒక్క కుట్టు వేసి, బట్టను మిషను మీదే వదిలి వచ్చాను. ఆ చొక్కాను ఈ వీలునామా ద్వారా నేను ఎవరికీ రాయడం లేదు. కాజాలక్క గాని, ఇంకెవరైనా గాని దానిలో సూది పెట్టకూడదు. కొట్టు పద్ధతి ఏమిటో రెండో క్లాజులో రాసే ఉంది.

తేదీ: జూన్ నెల ఇరవై, శుక్రవారం. ఆసుపత్రి రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం. ఆపరేషన్ రేపు పొద్దున.

(సంతకం) టైలరమ్మ

సాక్షులు:

డాక్టరమ్మ. రోగి బుద్ధి స్థిరంగా ఉంది. నేను సంతకం చేస్తుంటే నా కోటు జేబు ఊడిందని చూసి, వచ్చే నెల కొట్టుకు తెమ్మంది.

పక్క కొట్టు కళ్ళజోళ్ళాయన. పైదంతా నా ఎదుటే చదివించుకుని, నా పెన్నుతోనే సంతకం చేసింది. పెన్ను తిరిగి ఇచ్చింది.