పొత్రం కింద శాండ్‌విచ్

ఏమండీ,

బ్రెడ్డు మధ్యలో ఆలుగడ్డ కూర, పుదీనా పచ్చడి పెట్టి తడిగుడ్డ కప్పి ఉంచా. పెనం సన్న సెగ మీద పెట్టి, వెన్న రాసి, శాండ్‌విచ్‌లు వెయ్యండి. పైన స్టీలు పళ్ళెం, దాని మీద సన్నికల్లు పొత్రం పెట్టండి. పొత్రమేంటని నవ్వకండి, బరువుకే. మాడు వాసన వస్తుంది. కంగారుపడి పొయ్యి కట్టెయ్యకండి. అడుగు నల్లబడ్డాకే తిప్పండి.

కోర్టు వాయిదాకి నందిగామ వెళ్ళొచ్చినప్పుడల్లా ఆ బేకరీ శాండ్‌విచ్ గురించే కదా మీ పాట! "అలాంటిది మనింట్లో ఎక్కడొస్తుందిలే కమలా" అన్నారు, అదీ మా చెల్లెలి ముందర. అందుకే మొన్న మేమిద్దరం బస్సెక్కి వెళ్ళి, ఆ కౌంటర్ దగ్గరే నిలబడి చూసొచ్చాం. కూరలో ఏం లేదు, పచ్చడిలోనూ ఏం లేదు. ఆ బేకరీ అతను బాగా మాడుస్తాడు, అంతే.

నా దోసె అంచు కాస్త నల్లబడితే కంచం పక్కకి నెట్టేసే మనిషి, అక్కడ మాడింది అడిగి మరీ తింటున్నారు. నేను చేసిపెట్టి, మళ్ళీ మాడిందనిపించుకోను. ఈసారి మాడ్చేది మీరే. ఎవర్ని తిడతారో నేనూ చూస్తా.

వత్సవాయి బస్సుకి టైమైంది. చెల్లెలింటికి వెళ్ళి రాత్రికల్లా వచ్చేస్తా.

కమల

పళ్ళెం కాలుతుంది, మసిగుడ్డతో పట్టుకోండి. నాకొకటి ఉంచండి. బాగా మాడిందే.