పడుగు వేళ బడిగంట

బెజవాడ, 1946. మార్గశిరం, మంగళవారం రాత్రి.

మగ్గాల వీధిలో మా ట్రస్టు నడిపే ఉచిత బడికి ఉదయం పూట పిల్లలు రావడం లేదు. ఇలాగైతే పై నెలలో మూసేద్దామని ఈయన అంటున్నారు. కారణం తెలియకుండా మూయడం నచ్చక ఈ ఉదయం నేనే వెళ్ళాను.

పిల్లలంతా వీధిలోనే ఉన్నారు. పడుగు నూలు బారుగా చాపి పెద్దవాళ్ళు గంజి పెడుతుంటే, అతుక్కున్న పోగులను పిల్లలు విడదీస్తున్నారు. ఎనిమిదికి బడిగంట మోగినా ఎవరూ తల తిప్పలేదు.

"చదువంటే మాకు చేదా అమ్మగారూ?" అంది గంజి పెడుతున్న మంగమ్మవ్వ. "ఎండెక్కితే గంజి బిగుసుకుపోద్ది, పోగులు తెగుతాయి. పిల్లల వేళ్ళయితేనే సందుల్లో దూరతాయి. మీరూ ఓ చెయ్యి వేసి చూడండి."

వేశాను. వెంటనే ఒక పోగు తెంపాను.

"అమ్మగారిని ఒకటో తరగతిలో కూచోబెట్టండర్రా" అంది అవ్వ. వీధంతా నవ్వింది, నేనూ నవ్వాను.

రాత్రి భోజనాల దగ్గర ఈయనతో సంగతి చెప్పి, బడిగంట వేళ మార్చమన్నాను.

"ఆ గంట వేళ మా నాన్నగారు పెట్టింది. మార్చేది లేదు" అన్నారు.

"మామగారే ఉంటే ఒకసారి వెళ్ళి చూసి వచ్చేవారండీ."

ఈయన మజ్జిగన్నం తిని చెయ్యి కడుక్కుంటూ అడిగారు. "ఆ పడుగు పని ఎన్నింటికి తెములుతుందట?"

"తొమ్మిది దాటుతుందండీ."

బడిగంట తొమ్మిది తర్వాతకు జరిపితే బడి పంతులుగారు ఒప్పుకుంటారో లేదో. ఆయనకు మధ్యాహ్నం వేరే చోట పాఠాలున్నాయి...

ఏడైతే గాని లేవని ఈ మనిషి, తెల్లవారుజామున మోగేలా అలారానికి కీ ఇచ్చి పడుకున్నారు.