నువ్వు ఎదురుచూసిన పాటలు

చిన్నీ,

నువ్వు ఎప్పుడొస్తుందా అని కలవరించిన ఆ రాక్ ఆల్బమ్ నిన్న వచ్చిందమ్మా, నువ్వు పోయిన ఏడాదికి. నీ స్నేహితురాలు లత నా ఫోన్‌లో పెట్టింది. "పాటలన్నీ కలిపి ఒకటే కథ ఆంటీ. మధ్యలో వంటకని లేచారనుకోండి, మళ్లీ మొదటి నుంచి పెట్టిస్తాను" అంది.

లేసు అల్లుతూ విన్నాను. దరువుతోపాటే చెయ్యి సాగింది. పాట సగంలో దరువు మారిపోయింది, అల్లుతున్న పువ్వు వంకరపోయింది. విప్పి అల్లితే మళ్లీ అంతే. కుదురుగా కూర్చోలేక వీధిలోకి వెళ్లొచ్చాను. కథేంటో తెలియలేదు గానీ, నువ్వైతే ఎక్కడ మంచమెక్కి గంతులేసేదానివో తెలిసిపోయింది.

ఇంకొక్క పాటే ఉంది. పొద్దున్నుంచి ఫోన్ తీస్తున్నాను, పెట్టేస్తున్నాను. అదీ వినేస్తే, నీకోసం రావలసినవి ఇంకేమీ ఉండవు.

అమ్మ