తొమ్మిదో పేజీలో చేతులు

మిసిసిపీ రాష్ట్రం, పైన్‌బ్రాంచ్ గ్రామంలో ఉంటున్న ఐడెల్లా రే మాబ్రీ అనే నేను, డెబ్బై తొమ్మిదో ఏట, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా రాసుకుంటున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిమితంగా ఉంది. ఈ ఉదయం ఇద్దరు పిల్లలకు జడలల్లాను. పాపిట ఎక్కడా వంకర పోలేదు. గుండె మాత్రం బాగాలేదని డాక్టరు చెప్పాడు. ఇదివరకు నేను రాసిన కాగితాలేవైనా బయటపడితే అవి చెల్లవు.

1. దీన్ని అమలు చేయవలసినది నా చెల్లెలు రుతీనా కూతురు లాట్రెల్. నాకు పిల్లలు లేరు. లాట్రెల్‌కు మాట తక్కువ, చెప్పిన పని చేస్తుంది.

2. ఇల్లు, వెనక అరెకరం నేల లాట్రెల్‌కు చెందుతాయి. వీధివైపు గది మాత్రం శనివారాలు పిల్లల జడల కోసం తెరిచి ఉంచాలి. ఆ గదిలో టీవీ పెట్టకూడదు.

3. ఎత్తు కుర్చీ, దువ్వెనలు, పూసల డబ్బాలు నాడీన్‌కు. ఐదేళ్ళప్పుడు ఆ కుర్చీలో కూర్చుని ఏడ్చిన పిల్లే ఇప్పుడు నా పక్కన నిలబడి జడలల్లుతోంది. నాకంటే గట్టిగా లాగుతుంది. కొంచెం తగ్గించుకోవాలి.

4. ఇనప మూకుడు చర్చి వంటగదికి. సిస్టర్ ఒఫీలియా దాన్ని సబ్బుతో తోమకూడదు. ఇదివరకు ఒకటి అలాగే పాడుచేసింది.

5. ఇక పుస్తకాలు. గదిలో కిటికీ కింది అరల్లో నూట అరవై మూడు బొమ్మల పుస్తకాలున్నాయి. అన్నిటిలోనూ ఆడపిల్లలే, మన రంగుల్లో ఉన్నవాళ్ళు. కప్పలు పట్టే నల్లపిల్ల, తలకు పట్టుగుడ్డ కట్టుకుని పడుకునే పిల్ల, బుట్టలల్లే చాక్టా తెగవాళ్ళ పిల్ల, అమ్మమ్మతో రొట్టెలు కాల్చే మెక్సికో పిల్ల. మెక్సికో నుంచి కోళ్ళ ఫ్యాక్టరీలో పనికొచ్చినవాళ్ళ పిల్లలు ఆ చివరి పుస్తకాన్ని రెండుసార్లు చింపారు, అంత ఇష్టం. అవి ఎలా మొదలయ్యాయో రాయకపోతే తర్వాతి నిబంధన అర్థం కాదు.

1979లో ఇలాంటి పుస్తకం ఇక్కడ ఒక్కటీ దొరికేది కాదు. తలంతా సన్న జడలు అల్లేసరికి మూడు గంటలు పట్టేది, పిల్లలు కుదురుగా కూర్చునేవారు కాదు. రుతీనా బడిలో పుస్తకాల గది చూసేది. ఆమె దగ్గర నుంచి కోడిపెట్టను తరిమే పసుపు జుట్టు పిల్ల పుస్తకం ఒకటి తెచ్చాను. గోధుమ రంగు పెన్సిలు తీసుకుని ఆ పిల్ల మొహానికి రంగు వేశాను, జుట్టు నల్లగా చేసి ఉంగరాలు దిద్దాను. పేజీ పేజీకీ. నాడీన్ తొమ్మిదో పేజీ దగ్గర ఆగింది. "మిస్ ఐడెల్లా, మొహం నాదే గానీ, ఈ పిల్ల చేతులు ఎవరివో తొడుక్కొచ్చిందేంటి?" అంది. నిజమే, చేతులు మరిచిపోయాను. దిద్దే లోపలే సోమవారం వచ్చింది, పుస్తకం తిరిగిచ్చే రోజు.

రుతీనా పేజీలు తిప్పి చూసి, టీచర్ల ముందే, "అక్కా, పుస్తకం ఖరాబు చేసి తెచ్చి బాగుందని నన్ను సంతకం పెట్టమంటావా? నా ఉద్యోగం పోతే నీ దువ్వెనలు నాకు కూడు పెడతాయా?" అంది.

"మన రంగు నీ కంటికి మరకలా కనబడుతోందా?" అన్నాను నేను.

ఆ బడిలో పనిచేసేవాళ్ళలో అప్పుడు నల్లమనిషి ఆమె ఒక్కతే. ఆ సంగతి నాకు ఆలస్యంగా తలకెక్కింది. తలకెక్కాక కూడా వెళ్ళి తప్పు నాదని చెప్పలేదు. నలభై నాలుగేళ్ళుగా చర్చిలో ఒకే బల్ల మీద ఆ చివర ఆమె, ఈ చివర నేను. మరుసటి ఏడు జాక్సన్ నగరం నుంచి ఎవరో నల్లపిల్ల బొమ్మల పుస్తకం తెచ్చి ఇచ్చారు. అప్పటినుంచి పోగుచేశాను, ఆమెకు చూపించడానికే అన్నట్టు.

6. ఈ పుస్తకాలను ఒక విశ్వవిద్యాలయంవాళ్ళు అడిగారు. అద్దాల బీరువాలో పెడతారట, చూసేవాళ్ళకు చేతి తొడుగులిస్తారట. ఇవ్వకూడదు. పేజీల మీద ఉన్నది తలనూనె. ఏ వేలిముద్ర ఏ పిల్లదో చాలావరకు నేను చెప్పగలను.

7. కానీ పుస్తకాలు విడిపోతున్నాయి. ఇలాగే వదిలేస్తే రెండేళ్ళు ఆగవు. నాకు అతికించడం చేతకాదు, నాడీన్‌కు అసలే రాదు. ముప్ఫై ఏళ్ళు బడి పుస్తకాలకు గుడ్డ వేసి వెన్నులు కట్టిన మనిషి ఈ ఊళ్ళో ఒక్కతే ఉంది. కాబట్టి నూట అరవై మూడు పుస్తకాలూ, కిటికీ పక్క కుర్చీ, నా చెల్లెలు రుతీనా మాబ్రీ హోమ్స్‌కు రాస్తున్నాను. పుస్తకాలు గది దాటకూడదు. అతికించే పని పిల్లల మధ్య కూర్చునే చేయాలి.

నా అంత్యక్రియల తర్వాత నాలుగు శనివారాలు ఆ కుర్చీ ఖాళీగా ఉంచాలి. అప్పటికీ ఆమె రాకపోతే, లాట్రెల్ ఆ పుస్తకాలను, గదిలోకి వచ్చే పిల్లలకు తలా ఒకటి, వాళ్ళు కోరుకున్నది, పంచిపెట్టాలి. విడిపోతే వాళ్ళ చేతుల్లోనే విడిపోతాయి.

8. కోడిపెట్ట పుస్తకం నాది కాదు, నేను రాసివ్వలేను. ఆమె దాన్ని పారేసిందనుకున్నాను. కిందటేడు రుతీనా ఇల్లు మారినప్పుడు టోపీల పెట్టెలో, దిండు గలీబులో చుట్టి ఉండగా లాట్రెల్ చూసింది. బడి రిజిస్టరులో 'పోయింది' అని రాసి ఇంటికి తెచ్చుకుందట. అబద్ధమాడని మనిషి. నాకు చెప్పొద్దని కూతురి దగ్గర మాట తీసుకుంది. లాట్రెల్ వారం ఆగి చెప్పింది. లాట్రెల్‌ను ఏమీ అనవద్దు.

నా సొరుగులో గోధుమ రంగు పెన్సిళ్ళు పదకొండున్నాయి, లేత నుంచి ముదురు దాకా. అవి కూడా రుతీనాకే. తొమ్మిదో పేజీలో చేతులు ఇంకా అలాగే ఉండి ఉంటాయి. ఏ రంగు వేయాలో తెలియకపోతే, శనివారం పక్కన కూర్చున్న పిల్ల చెయ్యి పేజీ మీద పెట్టించి చూసుకోవాలి.

పైన రాసినదంతా నేనే చదివి చూసుకుని సంతకం చేస్తున్నాను.

2023 మార్చి 11, శనివారం, పైన్‌బ్రాంచ్.

(సంతకం) ఐడెల్లా రే మాబ్రీ

ఆమె మా ఎదుట సంతకం చేయగా చూసిన సాక్షులు:
లోంజో కేడ్, పొరుగింటివాడు
బ్యూలా స్ట్రౌడ్, పోస్టాఫీసులో పనిచేసి విరమించినది