అందరం అయ్యగార్లమే

గరిడేపల్లి
పాస్టర్ మధుసూదన్ అయ్యగారికి దుర్గమ్మ చేసే వందనాలు.

బండి మీద నుంచి పడి మీకు కాలు విరిగింది, ఫోనూ పగిలింది. అందుకే మా అమ్మాయి గ్రేస్ కోదాడ కాలేజీకి వస్తుంటే ఈ ఉత్తరం పంపుతున్నాను. విశ్వాసులందరూ యాజకులే, దేవుని ముందు అందరూ అయ్యగార్లే అని చెప్పారు కదా! ఆదివారం చర్చిలో లచ్చయ్య లేచి "గీ వారం వాక్యం ఎవరు చెప్తరు?" అనగానే అందరూ మైకు మీద పడ్డారు. చెప్పేవాళ్లే గానీ వినేవాళ్లు లేరు.
ఇట్లు,
దుర్గమ్మ

తా.క. మైకు వైరు తెగింది. దేవుడే తెంపాడని లచ్చయ్య అంటున్నాడు. తెగింది ఆయన చేతిలోనే.

కోదాడ
సోదరి దుర్గమ్మకు ప్రభువు పేరిట వందనాలు.

యాజకుడంటే మైకు పట్టుకునేవాడు కాదమ్మా. పక్కవాళ్ల కష్టాన్ని తన కష్టంగా దేవుని ముందు పెట్టేవాడు. ఆరాధనకు మైకే కాదు, గోడలూ అక్కర్లేదు. ఆత్మతో, సత్యంతో చేస్తే పొలం గట్టయినా చాలు.
ప్రార్థనతో,
మధుసూదన్

తా.క. ఆ వైరు ఎవరూ ముట్టుకోకండి. లచ్చయ్య అసలే వద్దు.

గరిడేపల్లి
అయ్యగారికి వందనాలు.

గోడలు అక్కర్లేదన్నారని చర్చికి తాళం వేశాం. మేం కూలికి పోయే అహల్యమ్మ గారి పొలంలో నాట్లు వేస్తూనే పాటలు పాడి ఆరాధన చేశాం. ఆమె గట్టు మీద నిలబడి "మీల అయ్యగారు ఎవరే?" అని అడిగారు. "మేమే" అన్నాం అందరం. ఆమె నవ్వలేదు. భర్తకు సూర్యాపేటలో గుండె ఆపరేషనట. "అయితే మా ఆయన కోసం జర మొక్కున్రి" అన్నారు.

మైకు కోసం కొట్టుకున్నవాళ్లం, నువ్వు చెయ్యంటే నువ్వు చెయ్యని ఒకరినొకరం ముందుకు తోసుకున్నాం. ఎప్పుడూ మాట్లాడని బక్కమ్మ బురద చేతులతోనే ఆమె చెయ్యి పట్టుకొని "దేవా, ఈ అమ్మ మనిషిని ఇంటికి తోల్కరా" అంది. అంతే. అందరం ఏడ్చాం. నిన్న అహల్యమ్మ గారి భర్త క్షేమంగా ఇంటికి వచ్చారు.
మీ దుర్గమ్మ

తా.క. ఆదివారం మీ సంగతి తేల్చడానికి అందరం కోదాడ వస్తున్నాం.

కోదాడ
నా తోటి యాజకులందరికీ కృతజ్ఞతతో వందనాలు.

చర్చికి తాళం, ఆపైన నా సంగతి తేల్చడం! నన్ను పాస్టరు పని మాన్పించడానికే వస్తున్నారనుకొని శనివారమంతా అన్నం సయించలేదు. మీరేమో ఆటో దిగి ఇల్లు ఊడ్చారు, వంట చేశారు. బక్కమ్మ నా తల మీద చెయ్యి పెట్టి "దేవా, ఈయన అందరి కోసం మొక్కుతడు. ఈయన కోసం ఎవరు మొక్కుతరు? మేమే" అంది.

ఎన్నో తలల మీద నేను చెయ్యి పెట్టాను. పాస్టరునయ్యాక నా తల మీద ఒకరు చెయ్యి పెట్టడం ఇదే మొదటిసారి. మీరు వెళ్లాక చాలాసేపు ఏడ్చాను, సంతోషంతో.
మీ మధుసూదన్

తా.క. నా కాలి కట్టు మీద లచ్చయ్య పెన్నుతో 'ఆమెన్' అని రాసి వెళ్లాడు. ఇదేమిటని డాక్టరు అడిగాడు. మా అయ్యగార్లు వచ్చి చూసి వెళ్లారని చెప్పాను.